ఉచిత లాయరు కోసం చిరుగుల చీర

నిన్న కోర్టుకెళ్లి కేసు ఎలా గెలిచానో వినండి. గెలిచాను గానీ, బయట చెప్పుకునే గెలుపు కాదు.

మా తోటికోడలు సరోజిని మా జీడితోటకెళ్లే దారికి అడ్డంగా దడి కట్టించేసింది. ఆ దారి తనదట. జీడిపిక్కలు రాలే సీజన్ ఇది. దారి తెరుచుకోకపోతే పంటంతా కోతులకే. నర్సీపట్నం కోర్టులో ఉచితంగా లాయర్ని ఇస్తారని తెలిసి సంబరపడ్డాను. మా ఆయనేమో, "నీ మెడలో బంగారం చూసి ఎవరిస్తారే?" అన్నారు.

అంతే, గొలుసు తీసేసి పసుపుతాడు కట్టుకున్నాను. గాజులు బీరువాలో దాచాను. తోట పనికి కట్టే చిరుగుల చీర చుట్టుకుని, బస్సులో కాస్త దగ్గు కూడా ప్రాక్టీస్ చేశాను.

కోర్టులో ఆ ఉచిత లాయర్లనిచ్చే ఆఫీసులో మేడం గారి ముందు దగ్గి, "పూట గడవడం లేదండి" అన్నాను. ఆవిడ మంచినీళ్లిచ్చి, "ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేదమ్మా. పట్టుచీరలో వచ్చినా లాయర్ని ఇస్తాం, ఫీజు కట్టక్కర్లేదు" అన్నారు. నా ప్రాణం ఉసూరుమంది. అర్జీ తీసుకుని ఫోన్ చేస్తామన్నారు.

గేటు దాటానో లేదో, ఎదురుగా సరోజిని. బజారుకొచ్చినట్టుంది. దడి కట్టిన్నాటి నుంచీ మాకు మాటల్లేవు. నన్ను చూసి చేతిలో సంచీ జారవిడిచింది.

"అక్కా, ఏటిది? గొలుసు కుదవెట్టీసారా? నాకో మాట సెప్పకూడదేటి?"

నీ మీద కేసు పెట్టడానికొచ్చానని ఎలా చెప్పను? తల దించుకున్నాను. దాంతో ఆవిడకి ఏడుపాగలేదు. ఆటో ఎక్కించి వాళ్లింటికి తీసుకుపోయింది. దారిలోనే మా మరిదికి ఫోన్ చేసింది. "ఆ దడి బేగి పీకించీండి. అక్కోళ్లు సితికిపోయారు."

నిజం చెప్పేద్దామని ఎన్నిసార్లు నోరు తెరిచానో. తెరిచినప్పుడల్లా అన్నం తినమంటుంది. సిగ్గుతో చచ్చిపోయాను.

అప్పుడే ఆఫీసు నుంచి ఫోన్. "అమ్మా, ముందు రాజీకి పిలుస్తాం. సరోజిని గారికి నోటీసు పంపుతున్నాం."

"వద్దండి, ఏమీ పంపకండి" అని గాభరాగా పెట్టేశాను.

సరోజిని గొంతు తగ్గించి, "అప్పులోలా అక్కా?" అంది.

తలూపాను. నా కంచంలో ఇంకో చేపముక్క వేసి, "మళ్లీ సేస్తే ఫోన్ నాకియ్యి. నీ తరపున నాను మాట్టాడతాను" అంది.

మొత్తానికి ఉచిత లాయరు దొరికింది. కేసు పెట్టింది కూడా ఆవిడ మీదే.