అచ్చు గుద్దినట్టు

నేను పళ్ళ డాక్టరుని. మా ఆయన లాయరు. ఇంట్లో మూడో మనిషి, ఆయన పెళ్ళికి ముందే మద్రాసులో కొన్న పాత స్పోర్ట్స్ కారు. టాపు ఉండదు, ఇద్దరే పడతారు. కుడివైపు ముందు మడ్‌గార్డు మీద అరచేయంత సొట్ట. రామవరప్పాడు రింగు దగ్గర లారీవాడు గుద్దిపోయాడని పాతికేళ్ళుగా చెబుతున్నారు. ఆ లారీ డ్రైవర్ని ఆయన తిట్టుకోని ఆదివారం లేదు.

ఎడమ మడ్‌గార్డు పుణ్యం మాత్రం నాదే. కంకిపాడులో గృహప్రవేశానికి ఒక్కదాన్నే ఆ కారేసుకుని బయల్దేరాను. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. రైతు ఇంట్లో పుట్టినదాన్ని, వడ్ల మీద చక్రం పోనివ్వడానికి మనసొప్పలేదు. స్టీరింగు పక్కకి కోశాను. కల్వర్టు గోడ అడ్డొచ్చింది. వడ్ల ఆసామి పరుగెత్తుకొచ్చి, గింజ కూడా నలగలేదని నాకు దణ్ణం పెట్టి, వేలాడుతున్న మడ్‌గార్డుని గడ్డితాడుతో కట్టి, ఒళ్ళో ఒక గుమ్మడికాయ పెట్టి పంపించాడు.

మా ఆయన అరిచినా బాగుండేది. కోర్టులోలాగా నింపాదిగా విచారణ జరిపారు. వేగమెంత, ఏ గేరు, వడ్లు ఏ రకం. ఆ తర్వాత తాళంచెవి మొలతాడుకి కట్టేసుకున్నారు. స్నానానికి కూడా విప్పరు.

నాకు ఏడుపొచ్చింది. రోజంతా ఎవరెవరి నోళ్ళలోకో చూసే మనిషికి, వారానికో గంట కాలవగట్టు మీద దూరంగా చూసే వీలు ఆ కారుతోనే దొరికేది. బాగుచేయిస్తే మళ్ళీ ఇస్తారా అని అడిగాను. పాతదానికి అచ్చు గుద్దినట్టు చేయిస్తే ఆలోచిస్తానన్నారు. ఆ పార్టు లోకంలో ఎక్కడా దొరకదన్నది ఆయన ధీమా.

ఆటోనగర్లో లారీలకు, బస్సులకు డెంటింగ్ చేసే ఒక పెద్దాయన ఉన్నాడు. నమూనా ఉంటే రేకు కొట్టి చేస్తానన్నాడు. కారుని తాడుకట్టి అక్కడికి లాగించాను. కుడి మడ్‌గార్డు విప్పుదామంటే బోల్టులు తుప్పుపట్టి కదల్లేదు. అచ్చు తీయడం నాకు రోజూ ఉన్న పనే కదా అన్నాను. బొమ్మలు చేసేవాళ్ళ దగ్గర రెండు బస్తాల ప్లాస్టరు తెచ్చి కలిపి పులిమాను. అలవాటు కొద్దీ "నొప్పుంటే చెయ్యెత్తండి" అని కారుతో అన్నానట. అచ్చులోంచి తెల్లటి ప్లాస్టర్ మడ్‌గార్డు తయారైంది. కుడిది ఎడమగా మారాలి కాబట్టి, పెద్దాయన మంగలిషాపు అద్దం తెచ్చి దాని ఎదురుగా నిలబెట్టాడు. నేనూ పై పళ్ళను అద్దంలో చూసే బాగుచేస్తాను. మావాడే అనిపించింది. అచ్చు గుద్దినట్టు ఉండాలని ఒకటికి రెండుసార్లు చెప్పి వచ్చేశాను.

రెండు వారాల తర్వాత వెళ్తే, కొత్త రేకు మడ్‌గార్డు తళతళలాడుతోంది. దాని మీద, సరిగ్గా కుడివైపు ఉన్నచోటే, అరచేయంత సొట్ట.

"అంతా ఒకెత్తు, ఈ పువ్వొక్కటీ ఒకెత్తండీ డాక్టరమ్మగారూ," అన్నాడు పెద్దాయన గర్వంగా. "దీనికే నాలుగు రోజులు పట్టింది. కంపెనీ వాళ్ళ గుర్తు కదండీ."

పువ్వేమిటని వంగి చూశాను. ఎర్ర రంగు పూతల కింద పాతికేళ్ళు నాకు కనపడనిది, రంగు లేని రేకు మీద స్పష్టంగా కనపడింది. తామరపువ్వు. అయిదు రేకులు, అందులో ఒకటి సగానికి విరిగింది. ఏ పన్ను ఏ గాటు పెట్టిందో చెప్పడం నా వృత్తి. రోజూ నేను తోసుకుని లోపలికెళ్ళే మా ఇంటి ఇనప గేటు మీది పువ్వది. ఒళ్ళు మండిపోయింది. పాపం, ఆ లారీ డ్రైవరు!

చదును చేసేయమంటారా అని పెద్దాయన బెంగగా అడిగాడు. వద్దు, పువ్వు పూడిపోకుండా పల్చగా రంగేయమన్నాను.

కారు ఇంటికొచ్చిన రోజు మా ఆయన దాని చుట్టూ తిరిగారు. ఎడమవైపు ఆగారు. కుడివైపు వెళ్ళి చూశారు. గేటు వంక చూశారు.

"ఈసారి కూడా ఆ లారీయేనేమోనండీ," అన్నాను.

ఆయన మొలతాడు ముడి విప్పుకుంటూ, నా మొహం చూడకుండా చెప్పారు.

"పెళ్ళయిన మూడో రోజు. నువ్వు వరండాలో నుంచున్నావు. కారు అద్దంలో నిన్ను చూస్తూ ముందుకి పోనిచ్చాను. గేటు చూసుకోలేదు."

దెప్పుదామని దారంతా కూర్చుకున్న మాటలు పక్కన పెట్టేసి చెయ్యి చాపాను. ఆయన తాళంచెవి నా చేతిలో పెట్టి, గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచి, ఒకదాన్ని పట్టుకుని నిలబడ్డారు.

కారు ఎక్కాను. అద్దంలోకి చూడాలని ఎంతగానో అనిపించింది. ముందు గేటు దాటి, అప్పుడు చూశాను.