మా బస్తీ తరఫున

“ఎమ్మెల్యే వచ్చినపుడు నువ్వు మాటాడకే, నీ హిందీకి నవ్వుతారు. ఇంజినీరుబాబు మాటాడతాడు,” అన్నాడు మా ఆయన, మంచం మీద నుంచే.

“నానెందుకు మాటాడతాను? ముందు గంజి తాగు,” అన్నాను.

మా ఇద్దరి ఆఖరి మాటలు అవే. గంజి పట్టుకొచ్చేసరికి ఆయనలో ఊపిరి లేదు.

పెద్దకర్మ అయిన నాలుగో రోజున ఎమ్మెల్యే మేముండే బాగ్‌బేరా వచ్చాడు. నన్ను గడప దాటకూడదన్నారు. ఇల్లే పోతుంటే ఇక గడప ఎక్కడిది? వెళ్ళాను. రైలు పట్టాల పక్కనున్న మా ఇళ్ళు ఖాళీ చెయ్యమని రైల్వేవాళ్ళు నోటీసులు అంటించి నెల దాటింది. మీకేం కావాలో ఒక్కరు చెప్పండి, పైవాళ్ళతో మాట్లాడతాను అన్నాడు ఎమ్మెల్యే.

మావాళ్ళు ఇంజినీరుబాబును తెచ్చుకున్నారు. ఆయన ఉండేది నది అవతల, ఆదిత్యపూర్‌లో. మన తెలుగాయనే, మంచివాడు, మాకోసం సెలవు పెట్టి వచ్చాడు. మనలాంటివాడు ఒక్కడైనా అసెంబ్లీలో కూచుంటే చాలని మా ఆయన అంటుండేవాడు. ఇంజినీరుబాబు లేచి నిలబడితే నాకూ అలాగే అనిపించింది.

చక్కటి హిందీలో చెప్పాడు. ఈ దుమ్ములో వీళ్ళెన్నాళ్ళుంటారు, ఆదిత్యపూర్ అవతల ఫ్లాట్లు ఇప్పించండి, వెంటనే వెళ్ళిపోతారు అన్నాడు. ఎమ్మెల్యే పక్కనున్నతను రాసుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు.

నేను టాటానగర్ స్టేషన్లో ఊడుస్తాను. మొదటి ఆటో కదలకముందే నా డ్యూటీ. మా వరసలో ఆడవాళ్ళం సగం మందిమి నడిచే పనికి పోతాం, స్టేషన్‌కో, రైల్వే క్వార్టర్లలో అంట్లు తోమడానికో. నది అవతల పడేస్తే ఎలా వస్తాం? ఇంజినీరుబాబు మమ్మల్ని అడగలేదు. మన మనిషే కదా, తెలిసే ఉంటుందని మేమూ చెప్పలేదు.

లేచాను. అటు పోము సార్, ఇక్కడే దగ్గర్లో ఇవ్వండి, నడిచి పనికి పోయేవాళ్ళం అని నాకొచ్చిన హిందీలో అన్నాను. వెనకాల ఎవరో నవ్వారు.

“పిన్నిగారూ, నేను చెప్పాను కదా, మళ్ళీ ఇదేంటండీ?” అన్నాడు ఇంజినీరుబాబు.

“బాగానే సెప్పినావు బాబూ. నీ కారొకటి ఇప్పించీ, రోజూ అందులోనే పనికొత్తాం.”

ఆయన ముఖం చిన్నబోయింది. నాకూ బాధేసింది. ఎమ్మెల్యే నా వంక చూసి, ఇది కూడా రాసుకో అన్నాడు. పక్కనున్నతని పెన్ను కదిలింది, చూశాను. ఏం రాసిందో నాకేం తెలుసు? నాకు నా పేరు రాయడమే కష్టం. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు, కార్లు వెళ్ళిపోయాయి.

మళ్ళీ ఏ కబురూ లేదు. ఆ కాగితం పైవాళ్ళుండే రాంచీ వెళ్ళుంటే, దాన్ని చదివేవాళ్ళలో స్టేషన్ ఊడ్చిన మనిషి ఒకరైనా ఉంటారా? ఫ్లాట్ల మాట ఒక్కటే చదివి, అడిగింది ఇచ్చేశాం అనుకుంటారేమో. నోటీసు మాత్రం ఇంకా గోడ మీదే ఉంది.

ఇదంతా మా చెల్లెలి కోడలి చేత రాయిస్తున్నాను. శ్రీకాకుళంలో చదువుకున్న పిల్ల, తెలుగు బాగా రాస్తుంది. అమ్మీ, నా మాట నువ్వు సాపు చేసి రాస్తావని తెలుసు, చెయ్యి. నేను అడగనిది నా పేరున రాయకు, అడిగింది వదలకు. ఏదీ, మొదటి నుంచి చదివి వినిపించు.