పెరుందేవి నుదురు

యతిరాజులు షష్టిపూర్తికి ముహూర్తం కుదిరాక, ఇంట్లో అందరి కన్నూ ఆయన భార్య పెరుందేవి నుదుటి మీద పడింది.

కొడుకు హృషీకేశ్ బండి పూతలపట్టు దగ్గర లారీ కిందికి పోయి రెండేళ్ళు. అప్పటినుంచి ఆమె కనుబొమలు రెప్పల మీదికి జారాయి, నుదురంతా గీతలు పడింది. యతిరాజులు మాత్రం నలగని చొక్కాతో దేవస్థానం ఆఫీసుకు వెళ్ళి వస్తూనే ఉన్నాడు. కొడుకు ఫోటో బీరువాలో పెట్టేశాడు. పేరెత్తితే లేచి వెళ్ళిపోయేవాడు.

ఆడపడుచు వకుళే మొదట అనేసింది.

"వదినా, ఈ మొహంతో పీటల మీద కూర్చుంటే చూసేవాళ్ళు కర్మాంతరం అనుకుంటారు. అన్న మళ్ళా తాళి కట్టేది ఇట్లాంటి మొహానికా?"

తిరుపతిలోనే ప్లాస్టిక్ సర్జరీ డాక్టరు ఉన్నాడని, నుదురు నున్నగా చేసి కనుబొమలు పైకి లాగి కుడతాడని చెప్పింది. యతిరాజులు కాదనలేదు. పెరుందేవిని ఎవరూ అడగలేదు.

డాక్టరు రెండు బొటనవేళ్ళతో ఆమె కనుబొమలు పైకి ఎత్తిపట్టి అద్దం చూపించాడు. కోత జుట్టులోపలే ఉంటుందని, కుట్లు ఎవరికీ కనపడవని ధైర్యం చెప్పాడు. అద్దంలో గీత లేని నుదురు, విప్పారిన కళ్ళు. కొడుకు పోయిన రోజు ఫోను తీసి, అవతలివాడు ఏం చెబుతాడో ఇంకా తెలియక 'ఎవరండీ' అన్న మొహం అది. ఆమె ఒళ్ళు మండిపోయింది. డాక్టరు చేతులు తోసేసింది. పక్కన మొగుడు, వాపు ముహూర్తానికి తగ్గుతుందా అని డాక్టరును అడుగుతున్నాడు.

మర్నాడు కొండకు పోయొస్తానంటే వకుళ సంతోషించింది. పెరుందేవి ఒక్కతే బస్సెక్కి, నేరుగా కల్యాణకట్టకు వెళ్ళింది. వాళ్ళ ఇళ్ళలో మొగుడున్న ఆడది గుండు చేయించుకోదు, మూడు కత్తెర్లు ఇచ్చి లేస్తుంది. కత్తి పట్టుకున్నామె పెరుందేవి మెడలో తాళి చూసి అదే అడిగింది.

"మూడు కత్తెర్లేనా అమ్మా?"

"కాదు. అంతా తీసెయ్."

"ఇంట్లో సెప్పినావా?"

"నా తలకాయే గదమ్మా."

గుండుకు గంధం పూసుకుని గుమ్మంలోకి వచ్చేసరికి వకుళ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. యతిరాజులు కాఫీ లోటా కింద పెట్టి లేచాడు.

"నేనింకా బతికే ఉండాను గదే."

"మీరు ఉండారు. వాడు లేడు. వాడు పోయినాడని ఈ ఇంట్లో చెప్తా ఉండేది ఈ మొహం ఒకటే, దాన్ని గూడా కోసి కుట్టాలని చూసినారు. ఇప్పుడు కోయించండి. కుట్లు యాడ దాస్తారో చూస్తాను."

ఆమె వంటింట్లోకి పోయి బియ్యం కడగడం మొదలుపెట్టింది. నీళ్ళు గిన్నె దాటి చిందుతున్నాయి, కోపానికి.

కాసేపటికి వసారాలోంచి ఆయన గొంతు వినిపించింది. విందుకు ఒప్పుకున్న వంటాయన పరంధామయ్యతో ఫోనులో మాట్లాడుతున్నాడు.

"వద్దులేప్పా, ఏమీ చేయడం లేదు. మా హృషి పోయినాడు గదా... మా పిల్లోడు. ఇంకేం పండగ మాకు."

పెరుందేవి చెయ్యి నీళ్ళలోనే ఆగింది. ఆ పేరు ఆయన నోట వినాలని రెండేళ్ళుగా ఆమె కాచుకుని ఉంది. ఇన్నాళ్ళకు ఆ పేరెత్తి, పోయి పోయి పరాయి మనిషికి చెబుతున్నాడు. ఆగిందనుకున్న కోపం మళ్ళీ లేచింది.

ఆయన వచ్చి వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు. ఆమె తిరగలేదు.

"ఆ మాట వంటాయనకు గాదు," అంది. "నాకు చెప్పండి."