చెయ్యి విదల్చని మునిలక్ష్మి

పలమనేరు దగ్గరి పల్లెలో మునిలక్ష్మికి చెయ్యి విదల్చని మనిషని పేరు. నిజానికి ఆమెది పెట్టే చెయ్యే. పెట్టేటప్పుడే వచ్చేది చిక్కంతా. అడుక్కునేవాడి జోలెలో పిడికెడు బియ్యం పొయ్యబోతే పిడికిలి బిగుసుకుపోయేది. చూసేవాళ్ళకు మనసొప్పక ఆగినట్టే ఉండేది. పొద్దున్నే పాలు పిండబోతే, మొదట పట్టిన చన్నును చెయ్యి ఓ పట్టాన వదిలేది కాదు. ఆవు తన్నేది. కాసేపు పిండాక వేళ్ళు మామూలుగానే ఆడేవి. ఇది గుణమా, జబ్బా అన్న సంగతి ఆమెను ఏళ్ళుగా తొలిచేస్తోంది.

తిరుపతిలో ఒక ఆసుపత్రిలో అరుదైన కండరాల జబ్బుల మీద పరిశోధన జరుగుతోందని, పరీక్ష చేసి చెబుతారని పలమనేరు డాక్టరు పంపించాడు. ఆ పరీక్ష అన్న మాటే కొంప ముంచింది. పరీక్షంటే ప్యాసు కావాలి కదా. దారిలో పూతలపట్టు వచ్చినప్పటి నుంచీ బస్సులో పిడికిలి మూస్తూ తెరుస్తూనే ఉంది. ఆడికి పొయినాక పరువు పోగూడదు, బాగా సెయ్యమని మొగుడు రామచంద్ర పక్కనుంచి ఎక్కించాడు.

ఆసుపత్రిలో డాక్టర్ సుజన పిడికిలి బిగించి తెరవమంది. టక్కున తెరుచుకుంది. మళ్ళీ చేయిస్తే ఇంకా బాగా తెరుచుకుంది. మునిలక్ష్మి గర్వంగా మొగుడి వైపు చూసింది. డాక్టరు మాత్రం, జబ్బేమీ కనిపించడం లేదు, ఇంటికి వెళ్ళొచ్చు అంది. ఇక్కడ ప్యాసయితే ఇంటికి పంపేస్తారని పిచ్చితల్లికి అప్పుడు తెలిసింది. జబ్బు కాదంటే ఇక మిగిలింది గుణమే.

ఏం అడగాలో తోచక చేతులు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుండిపోయింది. చివరికి లేచి, ఒట్టి చేతులతో వెళ్ళకూడదని తెచ్చిన పాలకోవా పొట్లం తీసి డాక్టరుకు అందించింది. సుజన పట్టుకుంది. మునిలక్ష్మి వదల్లేదు. వదల్లేకపోయింది. ఇద్దరి మధ్యా పొట్లం నలిగిపోతుంటే రామచంద్ర తల దించుకున్నాడు.

సుజన నవ్వలేదు. వచ్చే ముందు చేతులకేమైనా పని చెప్పావా అని అడిగింది. బస్సు సంగతి విన్నాక కుర్చీ ముందుకు జరుపుకుంది. ఈ జబ్బులో ఆడించే కొద్దీ కండరం వదులవుతుందని, ఊరకుంటే మళ్ళీ బిగుస్తుందని చెప్పి, బొటనవేలి మొదట్లో సన్నని సూది గుచ్చింది. పక్కనున్న యంత్రం మోపెడ్‌ను రేజ్ చేసి వదిలినట్టు గుర్రుమని, మెల్లగా తగ్గింది.

"అది నీ కండరమే అమ్మా. వదలనంటోంది."

మునిలక్ష్మి నొప్పి మరిచిపోయి, ఇంకోసారి వినిపించమంది.

రక్తపరీక్ష చేసి ఖాయం చేసుకుంటామని, దీనికి ఒక మందును పరిశీలిస్తున్నామని, ఇష్టమైతే అందులో చేరవచ్చని సుజన చెప్పింది. ఇది వంశంలో దిగే జబ్బు కాబట్టి ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగింది.

మునిలక్ష్మికి గంగమ్మ జాతరలో హారతి పళ్ళెం మీద పిడికిలి పెట్టి, తెరవలేక నిలబడిపోయిన మనిషి కళ్ళ ముందుకొచ్చాడు. రూపాయి వదలడానికి ప్రాణం పోతోందని ఊరంతా నవ్వింది. చిన్నపిల్ల మునిలక్ష్మి సిగ్గుతో చచ్చిపోయి, ఆయన చెయ్యి పట్టుకోకుండా ఇంటికి నడిచింది.

"మా నాయనకూ ఇట్లే ఉన్నింది మేడమ్," అంది. కళ్ళ నీళ్ళు ఆగలేదు. "పిసినారోడనే అనుకున్నారు అందురూ. ఆయన పొయ్యేదాకా నేనూ అట్లే అనుకున్నా."