రాజవ్వ కాలు

1958 నవంబరు 17, సోమవారం, పగలు పదకొండు గంటలు. నా అబద్ధం అప్పుడు పుట్టింది. ఇన్నేళ్లూ దాన్ని మోసింది నేనే. మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

మా ఆడబిడ్డ రాజవ్వ తొలి కాన్పుకు జమ్మికుంటలోని మా ఇంటికి వచ్చింది. తొమ్మిది రోజుల బాలింత. మంచం దిగనివ్వలేదు. ఎడమకాలు వాచి, తెల్లగా నిగనిగలాడింది. బండి కట్టించి డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది నేనే.

రాజవ్వ బండిలో ఉండగా డాక్టరమ్మ నాతో చెప్పింది: "నెత్తురు గడ్డ కట్టింది. కాలు పిసకద్దు. రేపే హైదరాబాద్ తోలుకపోండ్రి, మందున్నది."

వెంట పోవలసింది నేనే. గురువారం మా తమ్ముడి పెళ్లి. ఇంటికొచ్చి అత్తతో ఏమన్నాను? "తగ్గుతదన్నది."

మంగళవారం పొద్దున అత్త నువ్వులనూనె వెచ్చబెట్టింది. "బాలింత వాపు, బిగబట్టి రుద్దు." రుద్దాను. తెలిసి రుద్దాను.

"వదినా, జర మెల్లగ. నీ చేతులు రోకళ్లా ఏంది?" అని నవ్వింది రాజవ్వ.

ఆ నవ్వు ఆగకముందే ఊపిరి అందలేదు. డొక్కలు ఎగరేసింది. అంతే.

అత్త మంత్రసాని సాయవ్వను తిట్టింది, చెయ్యి మంచిది కాదని. ఊరంతా అదే మాట. ఒక్కరైనా డాక్టరు ఏమన్నదని నన్ను అడిగారా? సాయవ్వ ఒక్కతే అడిగింది. నేను తల తిప్పుకున్నాను. ఆడదాని చావుకు మరో ఆడదాని చెయ్యి దొరికితే చాలు, వాళ్లకు ఇంకేం అక్కర్లేదు. నాకూ అక్కర్లేకపోయింది. ఆ కోపం వాళ్ల మీదా, నా మీదా? విడదీయలేను.

పోయినేడు నా గుండెకు స్టెంటు వేశారు. రోజూ ఒక మాత్ర. ఎందుకని అడిగితే డాక్టరు చెప్పాడు: రక్తంలో ప్లేట్‌లెట్లనే చిన్న కణాలు గాయం దగ్గర ఒకదానికొకటి అతుక్కుని నెత్తురు ఆపుతాయి, స్టెంటు మీద కూడా అలాగే అతుక్కుంటే ప్రమాదం, ఈ మాత్ర అతుక్కోనివ్వదు. బాలింత కాలి సంగతి అడిగాను. కదలక పడుకుంటే కాలి సిరలో నెత్తురు నిదానించి గడ్డ కడుతుందట. దానికి వేరే మందు. పిసికితే తెగి ఊపిరితిత్తులకు పోతుందట. నాకు మాత్ర దొరికింది. రాజవ్వకు నా నోటి మాట కూడా దొరకలేదు.

క్షమించమని అడగను. పోయినవి రాస్తున్నాను. రాజవ్వ, పంతొమ్మిదేళ్లు. ఆమె కొడుక్కి తల్లి. సాయవ్వకు పని, ఆ తర్వాత ఊరు. మా తమ్ముడి పెళ్లి; మైల వల్ల దానికీ పోలేదు.