ఇటుకల పండగలో కొండ ఉడతల వేట

అరకు దగ్గర నేను పనిచేసే కొండ మీద పెద్ద కొండ ఉడతలు కనబడక చాలా ఏళ్లయింది. ఇళ్ల చుట్టూ తిరిగే ఉడతల్లాంటివి కావివి. ఒక్కొక్కటి పిల్లి అంత ఉంటుంది. వీపు ముదురు ఎరుపు, తోక ఒంటికంటే పొడుగు, చెట్టు దిగడం అరుదు. అటవీ శాఖవాళ్లు వేరే అడవి నుంచి కొన్ని జంటలను తెచ్చి ఇక్కడ వదిలారు. మా చిన్న సంస్థకు మిగిలిన పనులు రెండు: వాటిని గమనించడం, వాటి పేరు మీద డబ్బు తేవడం.

రెండో పనికి నేనెప్పుడూ మొహమాటపడలేదు. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి కాబట్టి ఏ బరువు దేని మీద నిలబడుతుందో చూడటం అలవాటు. ఆ కొండకు నిజంగా కావలసింది ఎండాకాలంలో మంట పాకకుండా ఆకు ఊడ్చి తీసిన ఖాళీ బాటలు, వాటికి కాపలా, ఊరికి నీళ్లిచ్చే వాగు, ఇక్కడివాళ్ల మాటలో గెడ్డ, దాని పైన నాలుగు చెట్లు నిలబడటం. వీటికి డబ్బిమ్మని విశాఖపట్నంలో అడిగి చూశాను. తగలబడని కొండను ఫొటో తీస్తే ఉత్త కొండే కనబడుతుంది. అదే కొండ మీద ఉడత కొమ్మకు వేలాడుతూ కాయ తింటున్న ఫొటో పంపితే అపార్ట్‌మెంట్లవాళ్లు, స్కూలు పిల్లలు, ఒక కాఫీ షాపువాళ్లు తలా ఒక ఉడతను దత్తత తీసుకున్నారు. మంటకాపలావాళ్ల కూలి ఆ డబ్బులోంచే వచ్చింది. ఈ సంగతి దాతలకు ముందే చెప్పాను. ఎవరూ కాదనలేదు.

చిక్కు చైత్రంలో వచ్చింది. మన్యంలో చైత్రమంటే ఇటుకల పండగ. మగవాళ్లు విల్లంబులు పట్టుకుని వేటకు వెళ్తారు. ఖాళీ చేతులతో తిరిగొచ్చినవాడి మీద ఆడవాళ్లు పేడనీళ్లు కుమ్మరిస్తారు. చుట్టుపక్కల కొండలన్నీ కాఫీ తోటలైపోయాయి కాబట్టి వేటకు మిగిలిన అడవి మా ఉడతలున్నదొక్కటే. ఒక్క ఉడత బాణానికి పడిందంటే ఆ వార్త విశాఖపట్నం చేరుతుంది, దాతలు తప్పుకుంటారు, కాపలా ఆగిపోతుంది. అప్పుడు మంటకు అడ్డుండదు.

ఊరి పెద్ద ఇంటి ముందు మగవాళ్లతో మాట్లాడాను. చట్టం గురించి రెండు మాటలు, గెడ్డ గురించి ఎక్కువ మాటలు చెప్పాను. అందరూ వెంటనే తలూపారు. అంత తేలిగ్గా ఒప్పుకుంటే నాకు అనుమానం.

"మాదేటుంది బాబూ, బాణం ఎయ్యం," అన్నాడు ఊరి పెద్ద. "సాయంత్రం మా మీద పడ్డ పేడనీళ్లు నువ్వు తుడుత్తావేటి?"

"మరేం చెయ్యమంటావు మావయ్యా?"

"మమ్మల్నడిగితే ఏటి లాభం? పేడ కలిపేది ఆళ్లు. ఆళ్లనడుగు."

పండగ మొదటి రోజున ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా తాడు కట్టి, పాటలు పాడుతూ, వచ్చే పోయే బండ్లను ఆపి డబ్బులడుగుతారు. టూరిస్టుల కారు వెనకే నా బైకూ ఆగింది. తాడు కొస ఊరి పెద్ద భార్య చేతిలో ఉంది.

"దిగు, దిగు. పండగ డబ్బులు తియ్యి."

"నేను మీ ఊళ్లో పని చేసేవాణ్ణే కదా అత్తా!"

"అయితే ఏటి? నువ్వు ఉడత బొమ్మ సూపించి అడుగుతావు, మేం తాడు కట్టి అడుగుతాం. ఇద్దరిదీ ఒకటే యాపారం. ఇయ్యి!"

ఇచ్చాను. బండి పక్కకు పెట్టి విషయం చెప్పాను. ఆమె తాడు వదలకుండానే వింది.

"ఉడతకిచ్చినోళ్లు మా గెడ్డకెందుకియ్యరు?"

"గెడ్డకు మొహం లేదత్తా. ఉడతకుంది."

"ఉందిలే. ఆటిని నువ్వు రోజూ సూత్తన్నావేటి?"

"కనబడేది తక్కువ. ఇవి చూసి తెలుసుకుంటాను." సంచిలోంచి ఉడత కొరికిన తానికాయ తీసి చూపించాను. పెంకు మీద పంటి గాట్లు జంటగా, వెడల్పుగా పడి ఉన్నాయి.

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పింది. "అయితే ఈ ఏడు మగోళ్లకి ఇదే ఏట. కొండెక్కి ఇది ఏరుకొచ్చినోడికి పేడనీళ్లు లేవు."

పక్కనున్నావిడ నవ్వింది. "ఇంట్లో కూకుని ఆళ్లే కొరుక్కుని తెత్తారే!"

"అందుకే ఈ గుంటడు సూసి సెప్తాడు."

అలా నన్ను తీర్పరిని చేశారు. పద్ధతి నాకు నచ్చింది. అందులో ఒకటే బలహీనత: తీర్పు ఒక్కసారి మెత్తబడితే ఇదంతా ఆటైపోతుంది, వచ్చే చైత్రానికి బాణాలు మళ్లీ బయటికొస్తాయి.

వేట రోజు సాయంత్రం డప్పులు మోగుతుండగా మగవాళ్లు కొండ దిగారు. భుజాన విల్లు, చేతిలో కాయలున్న ఆకుదొన్నె. నేను భూతద్దం పట్టుకుని చాప మీద కూర్చున్నాను. వెనక కుండలతో ఆడవాళ్లు. చాలావరకు నిజమైన కాయలే. కొన్నింటి మీద గాట్లు సన్నంగా ఉన్నాయి, చిన్న ఉడతల పని. అవి తెచ్చినవాళ్లు తడిశారు. తడిసినవాణ్ణి చూసి తడవనివాళ్లు ఈలలేశారు.

చివరగా ఊరి పెద్ద తన దొన్నె నా ముందు పెట్టాడు. అందులోని కాయ అంచు నున్నగా, ఒకే వాలుగా తెగి ఉంది. పంటి గాటు ఒక్కటీ లేదు. మా కాపలాకు గ్రామసభలో మాట సాయం చేసింది ఆయనే. ఆయన నా మొహంలోకే చూస్తున్నాడు. ఈలలు ఆగిపోయాయి.

"ఏటి బాబూ, బేగి సెప్పు."

"కత్తి, మావయ్యా."

మాట పూర్తయ్యేలోపే ఆయన భార్య కుండ వంచేసింది. "జీలుగు సెట్టు కింద కల్లు తాగి తొంగున్నావని నాకు పొద్దున్నే తెలుసు! కొండెక్కినాడట కొండ!"

"మోకాళ్లు నొప్పులే..."

"మోకాళ్లకేనా నొప్పి? సెయ్యి బాగానే కోసిందే!"

ఊరంతా విరగబడి నవ్వింది. ఆయన మొహం తుడుచుకున్నాడు. నాకు మాట వెనక్కి తీసుకునే ఆలోచన రాలేదు. ఆయన లేచి, తడవకుండా మిగిలిన కుర్రాళ్లవైపు వేలు చూపించాడు.

"నవ్వండి, నవ్వండి. ఒచ్చే ఏడూ ఇదే ఏట. మిమ్మల్ని తడపకుండా నేనొదల్ను. బాణమేసినోడికి రెండు కుండలు!"

అంతకంటే గట్టి కట్టుబాటును నేను ఏ కాగితం మీదా రాయించలేను.

ఏ కాయ ఎక్కడ దొరికిందో అందరినీ అడిగి మ్యాపులో గుర్తులు పెట్టాను. చాలా కాయలు అవతలి వాలు నుంచి వచ్చాయి. ఉడతలు అంతదూరం వెళ్లాయని నాకు అప్పటిదాకా తెలియదు. మర్నాడు విశాఖపట్నం నుంచి దాతల తరఫున ఒక మేడమ్ ఫోన్ చేసి, పండగలో ఉడతలకేమైనా అయిందా అని అడిగారు. ఏమీ కాలేదని, అవతలి వాలుకు కూడా చేరాయని చెప్పాను. అయితే కొత్త ఫొటో పంపమన్నారు. భూతద్దం ముందు వరసగా పెట్టిన కాయల ఫొటో నా ఫోన్‌లో ఉంది, నాకిష్టమైనది అదే. ఆమెకు మాత్రం ఉడత ఫొటోనే పంపాను, కింద ఆ నెల కాపలా పని వివరం రాసి. మంటకాపలావాళ్లకు ఆ నెల కూలి ఆలస్యం కాలేదు.