ఉమ్మడి ఫైలులో నీళ్ల లైను

కిందటేడు ఎండాకాలం. నంద్యాలలో, కంప్యూటర్ నడిపే, రాయి చెక్కే సీఎన్‌సీ యంత్రాలకు కంట్రోల్ బోర్డులు తయారుచేసే చిన్న కంపెనీలో సాఫ్ట్‌వేర్ పని నాది. బడికి వెళ్లకుండా ఇంట్లోనే అమ్మ దగ్గర చదువుకున్న నాకు ఈ ఉద్యోగం దొరకడం దేవుడి దయే.

పాత బోర్డులోని ప్రాసెసర్ చిప్ దొరకడం మానేసింది. దానికి దగ్గరి చిప్‌తో కొత్త బోర్డు చేశాం. ఏ పిన్నుకు ఏ పరికరం తగిలించి ఉందో సాఫ్ట్‌వేర్‌కు చెప్పే ఫైలును డివైస్ ట్రీ అంటారు. రెండు చిప్పులకూ ముప్పాతిక భాగం ఒకటే. రెండుసార్లు రాయడమెందుకని అదంతా ఒక ఉమ్మడి ఫైలులో పెట్టాను. కొత్త బోర్డు నా బల్ల మీద చక్కగా నడిచింది. పాతదానికి తప్పులు చూపకుండా కంపైల్ అయింది కదా అని, నడిపి చూడకుండానే, పాత బోర్డుతో యంత్రం నడిచే ఆళ్లగడ్డ శిల్పశాలకు అప్‌డేట్ పంపాను.

మరునాడు పొద్దున అక్కడి శిల్పి వీరాచారన్న ఫోన్ చేశాడు.

"ఏందమ్మా చేసినావు? రాయి చెక్కే బిట్టు తిరిగితే నీళ్లు రాలే. నిలిపితే ధారగా పోతాండాయి!"

"మిషను ఆపన్నా!"

"నువ్వు చెప్పేదాకా ఉంటానా? ఎండు రాయి అరుపు ఇని ఎర్ర బటన్ కొట్టినా. చెక్కతాండే అమ్మవారి చెంప కాలింది. ఎల్లుండి విగ్రహానికి బండొస్తాది."

ఆళ్లగడ్డ బస్సులో సీటు దొరికినా కుదురుగా కూర్చోలేకపోయాను. దారిలో శిరివెళ్ల దాటకముందే ల్యాప్‌టాప్‌లో తప్పు కనబడింది. బిట్టును చల్లబరిచే నీళ్ల వాల్వు పాత బోర్డులో సిగ్నల్ ఉంటే తెరుచుకుంటుంది, కొత్తదాంట్లో లేకుంటే తెరుచుకుంటుంది. అది చిప్పు సంగతి కాదు, బోర్డు సంగతి. కొత్తదాని లైనును ఉమ్మడి ఫైలులో రాసింది నేనే. దాన్ని దిద్దొచ్చు. రాయి లోపల బీట వారి ఉంటే? నెలల పని, ఒకే నల్లరాయి. ప్రార్థన మొదలుపెడితే సగంలో తెగిపోతోంది.

షెడ్డులో విగ్రహం చెంప మీద తెల్లటి మచ్చ. అన్న చిన్న సుత్తి తీసుకున్నాడు.

"బొంగురుగా పలికితే పగిలినట్టే," అంటూ భుజం నుంచి పైకి మెల్లగా తడుతూ పోయాడు. చెంప మీద తట్టాడు. రాయి కంగుమంది. మళ్లీ తట్టాడు. మళ్లీ కంగుమంది.

"బతికినావు పో. మచ్చ సాన పడితే పోతాది."

వాల్వు లైనును ఉమ్మడి ఫైలులోంచి తీసి, ఏ బోర్డుది ఆ బోర్డు ఫైలులో రాస్తూ ఆయనకు సంగతి చెప్పాను.

"ఇంతేనా? మేమూ అమ్మవార్లకంతా ఒకటే కొలతల పటం పెట్టుకుంటాం. చేతుల్లో ఏముండాలనేది దేనికది గీస్తాం. దుర్గమ్మ శూలం సరస్వతమ్మ చేతికిస్తే ఊరోళ్లు ఊరుకుంటారా?"

తిట్టాల్సిన మనిషి టీ తెప్పించాడు. ఆ మంచితనానికి ఈనాటికీ దండం పెట్టుకుంటాను. ఉమ్మడి ఫైలులో చేర్చే ప్రతి లైనునూ ఇప్పుడు "నువ్వు చిప్పుదానివా, బోర్డుదానివా?" అని అడుగుతాను. రెండు బోర్డులనూ పక్కపక్కనే పెట్టి, రెండు వాల్వుల్లోంచీ బకెట్లో నీళ్లు పడేదాకా ఎవరికీ ఏదీ పంపను. అయినా పంపిన మరునాడు పొద్దున మాత్రం ఏ పని చేస్తున్నా నా చెవి ఫోను మీదే ఉంటుంది.